లెగోలా, లెగోసా, లెగో బ్రిక్సా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌కి ఏడో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మగారు ఒక చార్టు చుట్టి తీసుకొచ్చారు. పాప రోబోటిక్స్ క్లబ్‌లో ఉంది. ఎగ్జిబిషన్ కోసం రాసిన ఆ చార్టు మీద ఇంగ్లిష్‌లో 'లెగోస్‌తో కట్టిన వంతెన' అని పెద్ద అక్షరాలు. 'లెగోస్' చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా. ఆ సున్నా చుట్టింది నేనే.

"అమెరికాలో మా అక్క పిల్లలు లెగోస్ అనే అంటారు సార్. వాళ్ల దగ్గర విని రాసింది. మీరేమో తప్పన్నారు. క్లబ్‌లో పిల్లలు కంపెనీ రూలు ఉందని చెప్పి నవ్వినారంట. ఇప్పుడు చార్టు పట్టుకుని నిలబడనంటా ఉంది. ఇంతకీ ఏది కరెక్టు?" అని అడిగారు ఆమె.

వెనకాల చాలామంది నిలబడి ఉండడంతో ఆ పూట ఆమెకు సగం జవాబే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. పోకెమాన్ కార్డులు దాచుకునే పిల్లలు, హాట్‌వీల్స్ కార్లు వరస పెట్టుకునే పిల్లలు ఉన్న ఇళ్లలో ఇలాంటి వాదనలు మామూలే కదా.

లెగో డెన్మార్క్ కంపెనీ. బిల్లుండ్ అనే ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్య బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. డేనిష్‌లో 'లెగ్ గోట్' అంటే బాగా ఆడుకో అని అర్థం. ఆ రెండు మాటలు కలిపి 1934లో లెగో అని పేరు పెట్టాడు. ఇప్పుడు మన పిల్లలు ఒకదానిలో ఒకటి బిగించే ఇటుకకు పేటెంటు దరఖాస్తు చేసింది 1958 జనవరి 28న. లెగో అనేది విశేషణమని, దాని వెనక ఒక నామవాచకం ఉండాలని కంపెనీ వాదన. అంటే లెగో బ్రిక్స్, లెగో సెట్స్ అనాలి గానీ లెగోస్ అనకూడదు. ఒకప్పుడు తన కేటలాగుల్లోనే పిల్లలకు, పెద్దలకు ఈ మాట విజ్ఞప్తిగా అచ్చువేసింది కూడా.

ఇంత పట్టుదల దేనికంటే, పేరు చేజారిపోతుందన్న భయం. ఒక బ్రాండు పేరు ఆ రకం వస్తువులన్నిటికీ మామూలు పేరైపోతే, అది ఇక కంపెనీ సొంతం కాదని కోర్టులు తీర్పు చెప్పవచ్చు. అమెరికాలో ఆస్పిరిన్‌కు 1921లో అలా జరిగింది. మాల్స్‌లో మనం ఎక్కే ఎస్కలేటర్ కూడా ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్కే, 1950లో పోగొట్టుకుంది. మన దగ్గర కలెక్టరాఫీసు ముందు నిలబడి చూడండి. లోపల మెషీను ఏ కంపెనీదైనా బయట బోర్డు మీద ఉండేది 'జిరాక్స్' అనే. "ఆధార్‌వి రెండు జిరాక్సులు తీయించుకురా" అని మనమే పంపుతాం. జిరాక్స్ కంపెనీ తన పేరును అలా వాడొద్దని ఎన్ని ప్రకటనలు ఇచ్చినా జనం మానలేదు.

కాబట్టి క్లబ్ పిల్లలు చెప్పిన రూలు నిజమే. కాకపోతే అది కంపెనీ తన ఆస్తిని కాపాడుకోవడానికి పెట్టుకున్న రూలు. దాన్ని ఇంగ్లిష్ వ్యాకరణం అనుకోవడమే పొరపాటు, నాతో సహా. అమెరికాలో పిల్లలూ పెద్దలూ లెగోస్ అంటారు. బ్రిటన్‌లో ఇసుక, బియ్యం అన్నట్టుగా ఎన్ని ఉన్నా లెగో అనే అంటారు. రెండూ ఆయా దేశాల్లో మామూలుగా మాట్లాడే ఇంగ్లిషే.

ఆపిల్ విషయంలోనూ ఇదే తంతు. ఆపిల్ ప్రొడక్ట్ పేర్లకు బహువచనం పెట్టనక్కర లేదని, మూడు మాకింతోష్‌లు ఉన్నా 'మూడు మాకింతోష్' అంటే చాలని ఆ కంపెనీ ఉన్నతాధికారి ఫిల్ షిల్లర్ 2016లో అన్నారు. ఎవరూ విన్నట్టు లేదు. పోకెమాన్‌ది వేరే కథ. ఒకటైనా నూరైనా ఇంగ్లిష్‌లో అది పోకెమానే, అభిమానులు కూడా దాన్ని ఒప్పుకున్నారు. కంప్యూటర్ మౌస్ అయితే ఇంకా తేలలేదు. మైస్, మౌసెస్ రెండింటినీ డిక్షనరీలు అనుమతిస్తాయి.

మన భాషలో ఏం చేస్తాం?

ఇదే ప్రశ్న తెలుగులో వేసుకుంటే నాకు ఇంకా సరదాగా అనిపించింది. మన ఊరి పేరుతోనే ఒక ప్రొడక్ట్ ఉంది కదా, తిరుపతి లడ్డు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పేరు అది. కౌంటర్ దగ్గర "నాలుగు లడ్లు" అనేవాళ్లున్నారు, "నాలుగు లడ్డూలు" అనేవాళ్లున్నారు. లడ్డు అని పొట్టిగా పలికితే లడ్లు, లడ్డూ అని సాగదీస్తే లడ్డూలు. రెండూ సరైనవే. ఆ మాటకొస్తే చిత్తూరు అవ్వ 'ఇండ్లు, బండ్లు' అంటే, విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఇంట్లో 'ఇళ్లు, బళ్లు' అంటారు. పిల్లలు బడిలో ఒకరినొకరు దిద్దుకుంటూ ఉంటారు. దిద్దాల్సింది ఏమీ లేదు.

బయటి నుంచి మాట వస్తే తెలుగు దాన్ని తన పద్ధతిలోకి లాక్కుంటుంది. కాలు కాళ్లయినట్టే రైలు రైళ్లయింది. ఫైళ్లు, స్కూళ్లు, హోటళ్లు, సైకిళ్లు అన్నీ ఆ దారినే వచ్చాయి. కారు కార్లయింది. చివర పొట్టి 'ఇ' ఉంటే అది 'ఉ' అవుతుంది: పిల్లి పిల్లులు, కత్తి కత్తులు. చివర దీర్ఘం ఉంటే అది అలాగే నిలుస్తుంది: లారీలు, టీవీలు, జేసీబీలు. జేసీబీ అన్నది బ్రిటన్‌లో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలు. మనం దాని చివర 'లు' తగిలించి చెరువు పూడిక తీయడానికి పంపేశాం. ఈ లెక్కన ఆటోలు, ఫోటోలు, రేడియోలు ఎంత సహజమో లెగోలు అంతే సహజం. తెలుగులో దీన్ని తప్పనడానికి నాకు కారణం కనబడలేదు.

విచిత్రంగా, కంపెనీ కోరే పద్ధతి కూడా మన వంటింట్లో ఉంది. రాగులు అంటాం, కానీ ముద్ద చేస్తే అది రాగి సంకటి. ఉలవలు కొంటాం, కాచేది ఉలవచారు. చెనిక్కాయలు ఆడిస్తే వచ్చేది చెనిక్కాయ నూనె. వెనక ఇంకో మాట రాగానే 'లు' ఊడిపోతుంది. లెగో ఇటుకలు అన్నా ఇదే తీరు. కరకంబాడి వైపు అమరరాజా వాళ్ల బ్యాటరీ ప్రకటనల్లో అమరాన్ బ్యాటరీలు అనే ఉంటుంది. షాపులో కుర్రాడు మాత్రం "రెండు అమరాన్లు దించు" అంటే మనకు వింతగా ఉండదు. పాలు, నీళ్లు మాత్రం ఇలా లొంగవు. పాల ప్యాకెట్, నీళ్ల ట్యాంకు అంటూ బహువచనాన్ని వెంటే తెచ్చుకుంటాయి. ఇంగ్లిష్‌లో పాలు ఏకవచనం, మనకు బహువచనం. 'పాలు పొంగాయి' అన్న పిల్లవాడు ఇంగ్లిష్‌లో 'మిల్క్ ఆర్' అని రాస్తే, తప్పు దిద్దండి గానీ తెలివి తక్కువ అనుకోకండి. వాడు తెలుగు వ్యాకరణాన్ని సరిగ్గా పాటించాడు.

ఇంట్లో ఒక్కటి గమనిస్తే బాగుంటుంది: షూస్‌లు, చిప్స్‌లు, లెగోస్‌లు. ఇంగ్లిష్ 'స్' మీద మన 'లు' ఎక్కిన జంట బహువచనాలివి. మాట్లాడేటప్పుడు వస్తే రానివ్వండి, తెలుగు పరీక్షలో రాస్తే మాత్రం మార్కు పోయే అవకాశం ఉంది. ఇంగ్లిష్ పేపర్లో, పోటీలకు పంపే ప్రాజెక్టుల్లో లెగో బ్రిక్స్ అని రాయిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బ్రాండు పేరుకు 'స్' చేర్చేటప్పుడు ముందర అపాస్ట్రఫీ పెట్టకూడదు. మా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనబడే తప్పు నిజానికి ఇదే. ఇక వీడియో కాల్‌లో డల్లాస్ అక్కయ్యతో లెగోస్ అంటే, అక్కడి మాట అక్కడిలాగే మాట్లాడుతున్నట్టు.

ఇదంతా నేను క్లబ్‌లో పిల్లల ముందు కూడా చెప్పాను, సున్నా చుట్టడం తొందరపాటని ఒప్పుకున్నాను. నవ్విన అబ్బాయిల్లో ఒకడు వెంటనే "అయితే బేబ్లేడ్‌కి ఏం సార్?" అని లేచాడు. గంట మోగేదాకా ఆ వాదన సాగింది.

ఎగ్జిబిషన్ రోజు పాప చార్టు పక్కనే నిలబడింది. పైన ఇంగ్లిష్‌లో 'లెగో బ్రిక్స్', కింద తెలుగులో 'లెగోలతో కట్టిన వంతెన' అని రాసుకుంది. నా ఎర్ర సున్నా మీద పసుపు కాగితంతో కత్తిరించిన ఇటుక బొమ్మ అంటించింది.