‘నొప్పి లేదు’ అని రాసుకున్న రోజు

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. ఆ ఆదివారానికి ముఖచిత్ర కథనం కావాలని సంపాదకుడు అడిగారు. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. పోస్టర్లు, కరపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటిలోనూ తల్లిపాల గొప్పతనమే. పాలిస్తుంటే పళ్లు కరుచుకునేంత నొప్పి ఎందుకొస్తుందో, వస్తే ఏం చెయ్యాలో మాత్రం నేను చూసినవాటిలో లేదు. నాకు కావలసింది చివరికి హనుమకొండలో ఒక బాలింత మంచం మీద, తలగడ పక్కన దొరికింది. అదొక రూళ్ల నోట్‌బుక్కు.

తొలి కాన్పు, ఆపరేషనైంది. ఆడపిల్ల. ఎన్నిసార్లు తాగుతోందో రాసిపెట్టమని డాక్టరమ్మ చెబితే మొదలుపెట్టిందట. స్కేలుతో గీసిన గడులు: టైము, ఎడమా కుడా, ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు తడిపింది. మొదటి రెండు పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడో రోజుకు గడులు పోయి మాటలొచ్చాయి.

“రాత్రి 2.10. ఎడమ. 40 ని. సరిగ పట్టదు, వదలదు.”

“3.05. మళ్లీ.”

“4.20. డబ్బా, 30.”

ఐదో రోజు కుడివైపు ఒకటే మాట: “రక్తం.” పేజీ అడుగున, మార్జిన్ అవతల: “అందరికీ పడతయి. నాకే ఎందుకు పడలే?”

ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. తల్లి వెల్లుల్లి కారంతో వేడివేడి అన్నం కలిపి పెట్టింది. చూడవచ్చిన వాళ్లంతా చెప్పులు విడుస్తూనే “పాలు పడ్డయా బిడ్డా?” అన్నారు. అత్తమ్మ జాలిపడే అంది: “పాలు సాలుతలేవు, డబ్బా తెప్పియ్యుండ్రి.” ఆ జాలికే తాను ఎక్కువ కుంగిపోయానని ఆ అమ్మాయి నాతో చెప్పింది.

నిజంగా చాలలేదా? మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారికి కావలసింది సుమారు ఒక టీస్పూను ముర్రుపాలు. ఆపరేషనైన తల్లికి పాలు పొంగడం కొంత ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే, సాధారణంగా రెండు వారాల్లో మళ్లీ వచ్చేస్తుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే పాలు అంత ఊరతాయి. డబ్బా పట్టగానే బిడ్డ నిద్రపోతుంది, రొమ్ము నిండుగానే ఉండిపోతుంది, ఊరడం తగ్గుతుంది. నొప్పి, దిగులు కలిస్తే చేపు సరిగా రాకపోవచ్చు. ఆ నోట్‌బుక్కులో రెండు రాత్రుల రాతలు వరుసగా చదివితే ఇదంతా ఒకదాని వెంట ఒకటి జరగడం కనిపిస్తుంది.

ఎనిమిదో రోజు వెనక వీధిలో ఉండే రిటైర్డ్ నర్సమ్మను పిలిపించారు. ఆమె రొమ్ము చూడకముందే తల్లి కూర్చున్న తీరు చూసింది. వీపు వెనక ఒక దిండు, కుట్లకు ఒత్తుకోకుండా ఒడిలో ఇంకో దిండు. బిడ్డను వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి, పొట్టకు పొట్ట ఆనించింది. “రొమ్ము దాని నోట్లకు నెట్టకు బిడ్డా. అది నోరు పెద్దగ తెరువనీ. తెరిచినంక దాన్నే దగ్గరికి గుంజుకో.” చనుమొనను పైపెదవికి తాకించి ఆగింది. బిడ్డ ఆవులించినట్టు నోరు తెరిచింది. ఈసారి చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి వలయంలో చాలా భాగం నోట్లోకి వెళ్లింది. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి మడతపడింది.

ఆనాటి రాత: “11.40. కుడి. 20 ని. నొప్పి లేదు. మింగే చప్పుడు వినపడ్డది.”

తర్వాతి పేజీల్లో ‘డబ్బా’ అన్న మాట తగ్గుతూ వచ్చి, మూడో వారానికి కనబడకుండా పోయింది.

ఆ డబ్బాపాల చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పసిపిల్లల పిండి తయారుచేశాడు. డబ్బాపాలు పిల్లల ప్రాణాలు తీస్తున్నాయని 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ నిలదీసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి, 1992లో మన చట్టం, 2003లో దానికి సవరణ వచ్చాయి. ఇక్కడ పాలడబ్బా మీద పసిపిల్ల బొమ్మ వేయకూడదు, రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారాలకు ప్రకటనలివ్వకూడదు. చట్టం మంచిదే. కానీ రాత్రి రెండు గంటలకు తల్లి పక్కన కూర్చునే మనిషిని చట్టం తెచ్చివ్వలేదు.

ఆ మనిషి ఉండాల్సింది ఆస్పత్రిలో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే. గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 42 మందిలోపే. అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 దాటి సిజేరియన్లే. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి బిడ్డను అందించి, పట్టించి చూపే చేతులు వార్డులో చాలవు.

గుర్తుంచుకోండి

ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా తడుపుతుంటే పాలు అందుతున్నట్టే. తడపడం తగ్గినా, మగతగా ఉండి తాగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. రొమ్ములో ఒకచోట ఎర్రబడి, గడ్డకట్టి, జ్వరమొస్తే తల్లి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు. నెలలు నిండని పిల్లల కోసం పాలబ్యాంకులున్నాయి. దేశంలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఉంది.

కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లలో, థైరాయిడ్ ఉన్నవాళ్లలో, రొమ్ముకు ఆపరేషనైనవాళ్లలో కొందరికి ఎంత ప్రయత్నించినా పాలు చాలకపోవచ్చు. వాళ్లు డాక్టరు చెప్పినట్టు డబ్బా పడితే అది తప్పు కాదు, వాళ్ల తల్లితనానికి లోటూ కాదు. ఆ మాట వాళ్లకు మనమే చెప్పాలి.

మీ ఇంట్లో కాన్పు ఉంటే ఒక్క పని చెయ్యండి. డిశ్చార్జికి ముందు బిల్లు గురించి అడిగినంత గట్టిగానే అడగండి: “బిడ్డ తాగుతుండగా నర్సు పక్కన కూర్చుని పూర్తిగా చూసిందా?” చూడకపోతే, చూసేదాకా కదలకండి.