సీతాఫలపు గుజ్జును వేసవికి నిలువ చేయుట

సీతాఫలము మెత్తబడిన తరువాత 2, 3 దినములకు మించి నిలువదు. తెలంగాణలో సెప్టెంబరు మొదలు నవంబరు వరకు ఈ పండ్లు ఒక్కుమ్మడిగా దిగును. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరనే ఒక మేలు రకము ప్రసిద్ధి కెక్కినది. పంట ముమ్మరముగా నున్నప్పుడు ధర పడిపోవును. గంప అడుగున నలిగిన పండ్లు వృథా యగును. వేసవిలో పిల్లలు అడిగినను ఒక్క పండు దొరకదు.

మామిడి గుజ్జును తాండ్ర పోయవచ్చును. జామను ఉడికించి జెల్లీ చేయవచ్చును. సీతాఫలము ఆ దారికి రాదు. దీని గుజ్జును కాచినచో చేదెక్కి రంగు మారును. కావున ఇంటిలో దీనిని నిలువ చేయుటకు గడ్డకట్టించుటయే తగిన పద్ధతి.

పండ్ల ఎంపిక

కన్నులు విచ్చుకొని, వ్రేలితో నొక్కిన మెత్తగా నుండు పండ్లను ఆ దినముననే వాడవలెను. పులిసిన వాసన గల వానిని తీసివేయుడు. గడ్డకట్టించుట వలన సూక్ష్మజీవులు చావవు, వాటి పెరుగుదల మాత్రమే ఆగును. చెడిన పండు ఫ్రీజరులో బాగుపడదు.

గుజ్జు తీయుట

పండ్లను కడిగి, తుడిచి, స్టీలు చెంచాతో గుజ్జును తీయుడు. తొక్కను అంటియున్న గరుకు పొరను గోకరాదు. ఇనుప, రాగి పాత్రలు పనికిరావు. గుజ్జును పెద్ద కన్నుల జల్లెడపై చేతితో మెదిపి గింజలను వేరు చేయుడు. గింజలతో మిక్సీలో వేయుట ఎంతమాత్రము కూడదు. గింజలలో విషపదార్థము గలదు. ఆ పొడి కంటిలో పడినచో కంటికి హాని కలుగును.

గాలి తగిలిన గుజ్జు త్వరగా నల్లబడును. కావున కిలో గుజ్జునకు 2 చెంచాల నిమ్మరసము, 100 గ్రాముల పంచదార వెంటనే కలుపవలెను.

గడ్డకట్టించుట

ఒక పూటకు సరిపోవునట్లు పావుకిలో చొప్పున మూత గల డబ్బాలలో నింపుడు. గడ్డకట్టునప్పుడు గుజ్జు ఉబ్బును గనుక పైన అర అంగుళము ఖాళీ యుంచి, తేదీ వ్రాసిన చీటి అంటింపుడు. అన్నిటిని ఒక్కచోట పేర్చక, ఎడముగా ఉంచినచో త్వరగా గట్టిపడును. ఆలస్యమైనచో పెద్ద మంచు పలుకులేర్పడి, కరిగినప్పుడు గుజ్జు నీరుకారును.

ఫ్రీజరు సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో నున్నచో గుజ్జు వేసవి వరకు నిలుచును. ఒకే తలుపు గల రిఫ్రిజిరేటరులోని మంచు అర సాధారణముగా అంత చల్లగా నుండదు. అందులోని గుజ్జును 2, 3 వారములలో వాడుకొనవలెను.

విద్యుత్తు పోయినప్పుడు తలుపు తెరువకుడు. నిండు ఫ్రీజరు సుమారు 2 దినములు, సగము నిండినది 1 దినము చల్లదనమును నిలుపుకొనును. పూర్తిగా కరిగి వెచ్చబడిన గుజ్జును పారవేయవలెను.

వాడుక

వాడుటకు ముందటి రాత్రి డబ్బాను రిఫ్రిజిరేటరు క్రింది అరలోనికి మార్చుడు. కరిగిన దానిని మరల గడ్డకట్టింపక, ఆ దినముననే ముగింపుడు. పాయసములో వేయదలచినచో, పాయసము పూర్తిగా చల్లారిన పిదపనే కలుపుడు. పొయ్యిమీద కలిపినచో చేదు తప్పదు.

ఈ పంటకు 2 కిలోల గుజ్జుతో ప్రారంభించి చూడుడు. ఏ డబ్బా రుచి ఎట్లున్నదో చీటిపై వ్రాసి యుంచినచో, మరుసటి సంవత్సరము ఎంత చేయవలెనో మీకే తెలియును.