మొండి బాక్టీరియాపై వాడే మందు: మట్టిలోని సూక్ష్మజీవి దాన్నెలా తయారుచేస్తుంది?

ఐసీయూలో ఉన్న మనిషికి 'వ్యాంకోమైసిన్' పెడుతున్నామని డాక్టర్ చెప్పారంటే, చాలాసార్లు మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని మొండి బాక్టీరియా ఉందని, లేదా ఉందేమోనన్న అనుమానమని అర్థం. ఈ మందు మొదట మనిషి కనిపెట్టి చేసింది కాదు. 1950ల మొదట్లో బోర్నియో నుంచి ఒక మిషనరీ పంపిన మట్టిలోని బాక్టీరియా నుంచి అమెరికా కంపెనీ ఎలై లిల్లీ దీన్ని తీసింది. 1958లో అక్కడ అనుమతి వచ్చింది.

మన ఒంట్లో ప్రొటీన్లను రైబోజోమ్ తయారుచేస్తుంది. జన్యువు పంపిన చీటీ చదువుకుంటూ అమైనో ఆమ్లాలను దండలా గుచ్చుతుంది. దానికి తెలిసినవి సుమారు 20 రకాలే. వ్యాంకోమైసిన్‌లో ఉన్న ఏడింటిలో ఐదు ఆ జాబితాలోనే లేవు! అందుకే ఆ బాక్టీరియా వేరే కార్ఖానా పెట్టుకుంది.

మూడు భారీ ఎంజైములు, వాటిలో మొత్తం ఏడు స్టేషన్లు. ప్రతి స్టేషన్‌లో ఒక భాగం తనకు కావాల్సిన అమైనో ఆమ్లాన్నే ఏరుకుంటుంది. ఇంకో భాగం దాన్ని అటూ ఇటూ ఊగే చేతికి తగిలిస్తుంది. రెండో స్టేషన్ నుంచి, వెనక నుంచి వచ్చిన దండకు దాన్ని అతికించే భాగం కూడా ఉంటుంది. చీటీ అక్కర్లేదు, స్టేషన్ల వరసే చీటీ. ఆ తర్వాత వేరే ఎంజైములు దండను అడ్డంగా ముడివేసి గిన్నెలా వంచుతాయి, రెండు చక్కెరలు తగిలిస్తాయి.

ఆ గిన్నె ఆకారంలోనే ఉంది అసలు బలం. శత్రు బాక్టీరియా గోడ కట్టుకునే ముక్కల కొసను అది గట్టిగా పట్టేస్తుంది. గోడ పూర్తికాక బాక్టీరియా చస్తుంది. అయితే 1980ల చివర్లో దీనికీ లొంగని ఎంటరోకాకస్ రకాలు యూరప్‌లో బయటపడ్డాయి. అవి చేసిందల్లా ఆ కొసలో చిన్న మార్పు. దాంతో పట్టు వెయ్యి రెట్లు సడలిపోయింది.

ప్రయోగశాలలో దీన్ని మొదటి నుంచి చివరిదాకా కట్టి చూపించారు గానీ, అది మహా కష్టం. అందుకే ఇప్పటికీ పెద్ద ట్యాంకుల్లో బాక్టీరియాను పెంచే మందు తీస్తున్నారు. మింగితే పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు కాబట్టి రక్తంలో ఇన్ఫెక్షన్‌కు డ్రిప్పే పెట్టాలి, అదీ కనీసం గంటసేపు నెమ్మదిగా. గబగబా ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద పెడుతుంది. కిడ్నీలపై భారం పడొచ్చు గనుక మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేస్తారు.