రోడ్డు మీద దొరికిన ఇనుప ముక్క

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ యువకుడొకడు కుంటుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. చేతిలో తువ్వాలులో చుట్టిన బరువైన వస్తువు. "అయ్యగారూ, ఇదేమిటో మీరైనా చెప్పగలరా?" అన్నాడు.

అతడు పటాన్‌చెరు వైపు ఒక కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తాడు. డ్యూటీ దిగి తెల్లవారుజామున బీరంగూడకు వస్తుండగా, జాతీయ రహదారి మీద ముందు చక్రం కింద ఏదో పడి బండి జారింది. తలకు హెల్మెట్ ఉంది గనుక మోకాలి గాయంతో బయటపడ్డాడు. ఆ క్షణాన వెనుక లారీ ఏదైనా వచ్చి ఉంటే? ఇంట్లో భార్య, చంటిబిడ్డ ఉన్నారు!

తువ్వాలు విప్పి చూశాను. అరచేతినిండా పట్టే ఇనుప వస్తువు. కూడిక గుర్తులాగా నాలుగు సమానమైన కొమ్మలు. చివరలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఒక్క కొమ్మ మీద మాత్రం వరుసగా సన్నని గీతలు, ఎర్రటి తుప్పు పొడి.

చుట్టూ చేరినవారు తలా ఒక మాట అన్నారు. ఫ్యాక్టరీ మిషనుదని ఒకరు, బోరుబండిదని మరొకరు. ఒక పెద్దమ్మయితే, "ఎవరో దిష్టి తీసి పారేశారేమో, ముట్టుకోకండి" అంది. యువకుడికి మాత్రం ఒకటే కోపం. "ఎవడో కావాలనే వేశాడయ్యగారూ!"

ఉస్తాదు చెప్పిన సంగతి

మరునాడు ఇద్దరం లారీలు బాగుచేసే ఒక ఉస్తాదు దగ్గరకు వెళ్లాం. ఆయన దాన్ని ఒక్కసారి తిప్పి చూసి నవ్వాడు. "క్రాస్ ఇది పాస్టర్ సాబ్! జాయింట్ క్రాస్. లారీది."

లోపలికెళ్లి కొత్తది తెచ్చి పక్కన పెట్టాడు. కొత్తదానికి నాలుగు చివరలా చిన్న గిన్నెల్లాంటి కప్పులున్నాయి. కప్పుల్లోపల సూదుల్లాంటి సన్నని బేరింగులు. మాకు దొరికినదానికి ఆ కప్పులు ఊడిపోయాయి. అందుకే ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.

దీని పనేమిటంటే, లారీ ఇంజను, గేరుబాక్సు ముందు భాగంలో ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. వెనుక ఇరుసు మాత్రం కమాను పట్టీల మీద పైకీ కిందికీ ఊగుతుంది. ఈ రెంటి నడుమ తిరిగే పొడవాటి షాఫ్టు కోణం మారుతున్నా ఆగకుండా తిరగాలి. మన మోచేతికి కీలు ఉన్నట్టు, దానికి ఈ క్రాస్ ఉంది. ఇటలీకి చెందిన కార్డానో (16వ శతాబ్దం), ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ (17వ శతాబ్దం) పేర్లతో నేటికీ దీన్ని కార్డాన్ జాయింట్, హుక్ జాయింట్ అని పిలుస్తారు.

"ఈ గీతలు చూడుండ్రి. గ్రీజు ఎండిపోయింది, సూదులు అచ్చు పడ్డయి. ఇది ఒక్కదినంల అయ్యేది కాదు. గేరు మారిస్తే టక్కుమని చప్పుడొస్తది, స్పీడుల బండి వణుకుతది. డ్రైవర్‌కు తెలుస్తది. రేపు చూద్దాంలే అనుకుంటడు."

కీలు విరిగాక ఇంజను తిరుగుతుంది గాని చక్రాలకు శక్తి అందదు. షాఫ్టు ముందుకొన కిందపడి నేలకు గుచ్చుకుంటే ఇంకా ప్రమాదం.

చిన్న ముక్క, పెద్ద నష్టం

ప్రియ చదువరులారా, 2000 జూలై 25న పారిస్ విమానాశ్రయంలో ఏం జరిగిందో తెలుసా? అంతకు కొద్ది నిమిషాల ముందు ఎగిరిన మరో విమానం నుండి మూరెడు పొడవైన లోహపు పట్టీ రన్‌వే మీద రాలింది. కాంకార్డ్ విమానం టైరు దానిమీదికెక్కి పేలింది. ఆ టైరు ముక్క ఇంధనపు ట్యాంకు ఉన్న రెక్కకు తగిలి మంటలు లేచాయి. విమానంలోని 109 మంది, నేలమీద నలుగురు మరణించారు. ఆ పట్టీ రాల్చిన విమానం మాత్రం క్షేమంగా తన దారిన పోయింది! రాలినవాడికి తెలియదు, తగిలినవాడికే తెలుస్తుంది.

రోడ్డు మీద ఇలాంటిది కనబడితే పరుగెత్తి తీయబోకండి. బండిని ఎడమ అంచున ఆపి, వచ్చే వాహనాలు చూసుకోండి. జాతీయ రహదారి అయితే 1033కు, మనిషికి దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి.

బయలుదేరుతుంటే ఉస్తాదు మా యువకుడి బండి దగ్గర వంగి చెయిన్ లాగి చూశాడు. అది వదులై, ఎండిపోయి ఉంది. "ఎన్ని దినాలైంది తమ్మీ, నూనె ఏసి?"

పాపం, అబ్బాయి మాట్లాడలేదు. రెండు నెలలుగా మినుకుమినుకుమంటున్న నా స్కూటర్ వెనుక లైటు గుర్తొచ్చి నేనూ తల వంచుకున్నాను. ఆ సాయంత్రమే ఇద్దరం మా బండ్లు బాగుచేయించుకున్నాం. దారిలో అతడే అన్నాడు, "ఆ లారీ డ్రైవర్ ఆ రాత్రి ఎక్కడ ఆగిపోయాడో అయ్యగారూ. బాగానే ఉన్నాడంటారా?"