కొన్న ఈ-పుస్తకం మన సొంతమేనా?

భివండీలో సాంచెలు నడిపేవారికి సొంత సాంచెకూ కిరాయి సాంచెకూ గల భేదం చెప్పనక్కరలేదు. సొంతదానిని అమ్ముకోవచ్చు, కుమారునికి అప్పగించవచ్చు. కిరాయిదానిని యజమాని వద్దన్ననాడు విడువవలసిందే. ఫోనులోనో, కిండిల్ వంటి పరికరంలోనో చదివే పుస్తకాలలోనూ ఇదే భేదం ఉన్నది.

అచ్చు పుస్తకాన్ని కొన్నవారు దానిని పొరుగువారికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల అంగడిలో అమ్మవచ్చు. ఈ-పుస్తకం దగ్గర ‘కొనండి’ అని వ్రాసి ఉన్నా, చాలా సంస్థల నిబంధనల ప్రకారం మనకు లభించేది చదువుకొనే అనుమతి మాత్రమే. పుస్తకానికి వేసిన డిజిటల్ తాళం వలన అది ఆ సంస్థ యాప్‌లో, మన ఖాతాలోనే తెరుచుకుంటుంది.

2009 జూలైలో అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని పాఠకుల కిండిల్‌ల నుండి తొలగించింది. వాటిని అమ్మినవారికి ప్రచురణ హక్కు లేకపోవడమే కారణం. డబ్బు తిరిగి ఇచ్చినా, తరువాత సంస్థ అధిపతి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తక విక్రయశాలను మూసివేయగా, అక్కడ కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానివేశాయి. అక్కడా డబ్బు తిరిగి వచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి.

కనుక కొనే ముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. ఖాతాను దుకాణదారుని ఈ-మెయిలుతో కాక మీ సొంత ఈ-మెయిలుతో తెరవండి. తాళం లేని పీడీఎఫ్, ఈపబ్ ప్రతులు దొరికితే వాటినే ఎంచుకొని, మరొకచోట కూడా భద్రపరచండి. పరికరం కొనే ముందు మీకు కావలసిన తెలుగు పుస్తకాలు అందులో దొరుకుతాయో లేదో చూడండి. 2016లో కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు మరాఠీ ఉన్నది, తెలుగు లేదు. రచయిత మరణించిన అరవై సంవత్సరాల తరువాత అతని రచనలపై కాపీహక్కు తీరిపోతుంది. అందుచేత 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం రచనల వంటివి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, దాచుకోవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో ఇటువంటి పుస్తకాలు లభిస్తాయి.

డబ్బు చెల్లించిన పుస్తకం అందకపోయినా, తెరుచుకోకపోయినా రసీదుతో ముందు అమ్మిన సంస్థకు వ్రాయండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ ఉత్పత్తుల అమ్మకానికీ వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం అమ్మినవారి ఊరికి వెళ్లనక్కరలేదు. మీరు నివసించే లేక పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. భివండీవాసులకు అది ఠాణే జిల్లా.