చీటీ మారిన పాటలు

విశాఖ ఉక్కునగరంలో ఎవరినైనా ‘మెటల్ అంటే ఏంటి?’ అని అడిగి చూడండి. కరిగేది, పోతపోసేది, కడ్డీగా మారేది... అంటారు. ఒక్కాయన మాత్రం ‘ఏ ఏడాదిది?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. స్టీల్‌ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో పాతికేళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఉద్యోగి ఆయన. కూర్మన్నపాలెంలో ఇల్లు. ముందుగదిలో దేవుడి పటాల కింద రెండు చెక్క అరలనిండా కేసెట్లూ సీడీలూ. పేరు వేయొద్దన్నారు. ‘నేను పాడేవాణ్ని కాదు, వినేవాణ్ని. నా పేరుతో ఏం పని?’ అన్నది ఆయన వాదన.

వినేవాడే కానీ విని ఊరుకునే రకం కాదు. గిటారు గట్టిగా మోగితే ‘రాక్’ అనేస్తారనీ, ఇంకాస్త గట్టిగా మోగితే ‘హెవీ మెటల్’ అనేస్తారనీ ఆయనకు ఒళ్లు మంట. ఆ కోపం మిల్లులో పుట్టిందే. అక్కడ తీగచుట్ట ప్రతిదానికీ ఓ ట్యాగు వేలాడుతుంది. దానిమీద హీట్ నంబరు, గ్రేడు. చూడ్డానికి చుట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానీ వెల్డింగు కడ్డీలకు పోవాల్సిన మెత్తటి తీగ స్ప్రింగులు చేసేవాడి దగ్గరికి వెళ్లిందనుకోండి, ఆ స్ప్రింగు దేనికీ పనికిరాదు. ‘మా బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఒకదాని పేరు ఇంకోదానికి చెబితే షిఫ్టు షిఫ్టంతా నవ్వుతుంది. పాటకైతే ఏ పేరు తగిలించినా చెల్లిపోతుందా?’ అంటారు.

తెగిన వేళ్లు... తగ్గిన శ్రుతి

ఆయన చేతికి మొదటి రాక్ కేసెట్ వచ్చింది ఓడల్లో పనిచేసే పక్కింటి అబ్బాయి ద్వారా. పోర్టున్న ఊరు కదా! అది ‘బ్లాక్ సబ్బాత్’ బృందానిది. దాని వెనకున్న కథను మిల్లులో కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పారో ఆయనకే లెక్క తెలీదు.

బర్మింగ్‌హామ్ కూడా మన గాజువాకలాగే కార్ఖానాల ఊరు. టోనీ అయామీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసి గిటారు పట్టుకుని తిరగాలని నిర్ణయించుకున్నాక, ఆఖరి రోజున యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. కొన్నాళ్లు కుమిలిపోయాడు. తర్వాత ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు బిగించాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి నొప్పి తగ్గేలా తీగల బిగువు సడలించి, శ్రుతే దించేశాడు. ఆ దిగిన శ్రుతి బరువే ఆ తర్వాత వచ్చిన మెటల్ బృందాలకు పాఠమైంది.

‘హెవీ మెటల్’ అనే పేరు మాత్రం ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు. 1968లోనే ఓ అమెరికన్ పాటలో మోటార్‌సైకిల్ మోతకు ఆ మాట వాడారు. తర్వాత పత్రికల్లో విమర్శకులు దాన్ని పట్టుకుని సంగీతానికి అంటించారు. బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఆజీ ఆస్బర్న్‌కే ఆ మాట పెద్దగా నచ్చేది కాదు. 2025 జులైలో సొంత ఊళ్లో చివరి కచేరీ చేసి, మూడు వారాలు తిరక్కుండానే కన్నుమూసిన ఆయన్ని పత్రికలు ఆ మాటతోనే సాగనంపాయి. మోటర్‌హెడ్ బృందానికి చెందిన లెమ్మీ అయితే తాము వాయించేది ఉత్త రాకెన్‌రోల్ అని బతికినంత కాలం చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు తక్కువ.

ఇక మన శ్రోత తీర్పులు వినాలి. లెడ్ జెప్లిన్‌ను మెటల్ అరలో పెట్టేవాళ్లు 1970లో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్ రెండోవైపు తిప్పి ఉండరట. కరెంటు లేని ఓ వేల్స్ పల్లె ఇంట్లో రూపుదిద్దుకున్న పాటలవి. సగానికి పైగా మామూలు చెక్క గిటారే. ఆ బృందం చేసినవాటిల్లో తనకు అదే గొప్పదంటారు. చాలామంది ఒప్పుకోరని తెలిసీ అంటారు. కాలేజీ వేడుకల్లో ‘హార్డ్ రాక్’ అని ప్రకటించి మరీ వాయించే ‘హోటల్ కాలిఫోర్నియా’కు 1976లో ఈగల్స్ బృందం తొలుత పెట్టుకున్న పిలుపుపేరు ‘మెక్సికన్ రెగ్గే’. అదైనా నయమే అని ఆయన నవ్వు. పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని ‘నేను మెటల్ వింటానంకుల్’ అన్న ఎదురింటి కుర్రాడికి 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మొత్తం కూర్చోబెట్టి వినిపించారు. మధ్యలో లేవనివ్వలేదు. కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఈసారి టీషర్టు లేకుండా... అంటే వేరే చొక్కాతో!

మనదగ్గరా తక్కువేం కాదు

తెలుగు కేసెట్ల కాలంలో దుకాణంలో నాలుగే అరలు. మెలోడీ, మాస్, ఫోక్, వెస్ట్రన్. గిటారుంటే వెస్ట్రన్, డప్పుంటే ఫోక్. 1999లో ‘తమ్ముడు’ సినిమాకు రమణ గోగుల పూర్తి ఇంగ్లిష్ పాటలు కట్టి తనే పాడితే అందరూ ‘పాప్’ అన్నారు. ఆ గిటారులో రాక్ ఉందని ఈయన అప్పట్లోనే వాదించారు. అదే గొంతు చాలా ఏళ్ల విరామం తర్వాత 2025 సంక్రాంతి సినిమాలో గోదావరి పాట పాడితే జనం దాన్నీ సొంతం చేసుకున్నారు. ఇళయరాజా ఈ తలనొప్పిని ముందే పసిగట్టినట్టున్నారు. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిస్తూ 1986లో చేసిన ఆల్బమ్‌కు ‘హౌ టు నేమ్ ఇట్’ అనే పెట్టారు. దీనికి పేరేమని పెట్టాలి అని! దుకాణాలవాళ్లు దానికీ ‘ఫ్యూజన్’ అని చీటీ అంటించారు.

ఇన్ని తప్పులు పట్టే పెద్దమనిషి గొంతు ఒక్కచోట తగ్గుతుంది. వంగపండు ప్రసాదరావు ప్రస్తావన వస్తే.

పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి, విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసి, జననాట్యమండలితో ఊరూరా తిరిగిన కవి వంగపండు. యంత్రం ఎవరి చెమటతో నడుస్తుందో చెప్పే పాట రాశారు. 1986లో ఆర్.నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో ఆయన పాటలు రాష్ట్రమంతా పాకాయి. వాటినీ ‘జానపదం’ అనేశారు. జానపదమంటే ఎవరు కట్టారో తెలియని పాట. ఇవి ఒక మనిషి కూర్చుని రాసిన పాటలు. ఆ ముద్ర పడితే రాసినవాడి పేరు చెప్పాల్సిన పనుండదు, డబ్బివ్వాల్సిన పనీ ఉండదు. ‘బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ కుర్రాడి వేళ్ల గురించి నాకు తెలుసు. మన ఊరి షిప్‌యార్డులో పనిచేసినాయన యంత్రం మీద రాసిన పాట మాత్రం ఊరిపాటలే అని పక్కన పెట్టేశాను. ఒక్కసారీ వెళ్లి వినలేదు’ అంటారాయన. వంగపండు 2020 ఆగస్టు 4న పోయారు. ఆ రోజు టీవీలో వచ్చిన పాటలు విని ఈయన కుర్చీలోంచి లేవలేదు.

వంటింట్లోంచి భార్య ఆ పాటలకు గొంతు కలిపింది ఆ రోజే. ఆమెది బొబ్బిలి దగ్గర పల్లె. రాక్ కేసెట్ పెట్టినప్పుడల్లా ‘ఆ గోల తగ్గించండి’ అనే మనిషి. చరణం చరణం తప్పు పోకుండా పాడుతుంటే ఈయన తెల్లబోయారు. ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగితే ‘మీరెప్పుడు అడిగినారేటి?’ అందట.

ఇప్పుడు ఆమె పాడుతుంటే ఆయన నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. పద్నాలుగు పాటలయ్యాయి. ఒక్కో పాట పక్కనా రాసినవారి పేరు కోసం ఓ గీత వదిలారు. తెలిసినచోట నింపుతున్నారు. తెలియనిచోట ఆమె తమ్ముడికి ఫోన్ చేసి అడుగుతున్నారు.