మీ టామీకి పదేళ్ళు దాటాయా?

నిరుడు మే నెలలో ఒక రాత్రి 11 గంటలకు ఫోను మోగింది. రిటైరయిన హెడ్మాస్టరుగారు. "డాక్టరుగారూ, మా టామీ పోయాడండీ" అన్నారు. 14 ఏళ్ళ పొమేరియన్. గుండెజబ్బు ముదిరింది, ఎక్కువకాలం ఉండడని ఆరు నెలల క్రితమే చెప్పాను. అయినా ఆ రాత్రి ఆయన అడిగింది ఒక్కటే: "ఇప్పుడు వీణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలి?"

ఆయనది మూడో అంతస్తు ఫ్లాటు. కిందంతా సిమెంటు. ఆ రాత్రి కరెంటు కూడా లేదు. తెల్లవారేసరికి వాసన మొదలయింది. చెత్తబండిలో వేసెయ్యమని పక్కవాటావాళ్ళు సలహా ఇచ్చారు. అది విని ఆయన భార్య ఏడ్చిన ఏడుపు చెప్పనలవి కాదు. ఇద్దరు ఆటోవాళ్ళు రామన్నారు. మూడోవాడు రెట్టింపు పుచ్చుకుని, ఊరి బయట బంధువుల కొబ్బరితోటకి చేర్చాడు.

చావు మాట ముందుగా ఎత్తడం అశుభం అంటారు మనవాళ్ళు. కాని కుక్క ఆయుర్దాయం మనకు ముందే తెలుసు. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులు ఏడెనిమిదేళ్ళు, లాబ్రడార్, అల్సేషియన్ 10-12 ఏళ్ళు, చిన్నజాతులు 12-15 ఏళ్ళు బతుకుతాయి. ఇంట్లోనే పెరిగే పిల్లి 15 ఏళ్ళు బతకడం వింత కాదు. ఆ వయసు దగ్గర పడినప్పుడే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి.

మొదటిది, బాధ ఎంతవరకు భరించనివ్వాలి అన్నది. వంటింటి క్యాలెండరులో రోజూ ఒక గుర్తు పెట్టండి. తిని, తోక ఊపి, తనంతట తాను లేచి బయటికి వెళ్ళిన రోజు మంచిరోజు. పడుకున్నచోటే మలమూత్రాలు పోయి, కదలకుండా ఉన్నా రొప్పుతూ, తిండి ముట్టని రోజు చెడ్డరోజు. పిల్లులు మూలుగవు, మంచం కిందికి దూరి నక్కుతాయి. చెడ్డరోజులే ఎక్కువైనప్పుడు డాక్టరుతో మాట్లాడండి. ఈలోగా మీ ఇంట్లోని నొప్పిబిళ్ళలు మాత్రం వెయ్యవద్దు. ఒక్క పారాసిటమాల్ బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు.

నిద్ర ఇంజక్షను పాపం కాదా అని చాలామంది అడుగుతారు. కోలుకునే ఆశ లేనప్పుడు వారాల తరబడి బాధపడనివ్వడమే నాకు కష్టంగా తోస్తుంది. ముందు మత్తు ఇచ్చి, తరువాత నరంలోకి మందు ఎక్కిస్తాము. క్షణాల్లో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు మూతపడవు. ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు. ముందే తెలిస్తే భయపడరు.

రెండవది, చోటు. సొంత దొడ్డి ఉంటే మూడు నాలుగడుగుల లోతు గొయ్యి తవ్వాలి. బావికి, బోరుకు బాగా ఎడంగా, వాననీరు నిలవని చోట. ప్లాస్టిక్ సంచి వద్దు, పాత చీర చాలు. ఉప్పు చల్లడం ఆచారం. అందులో తప్పులేదు గాని, లోతు తక్కువైతే ఉప్పు ఆదుకోదు. ఇంజక్షను మందు మాంసంలో నిలిచి ఉంటుంది. వీధికుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదమే. పైన బరువైన రాళ్ళు పెట్టండి. దొడ్డి లేనివారు మునిసిపాలిటీలోను, పశువుల ఆసుపత్రిలోను ఇప్పుడే అడిగి, ఫోన్ నెంబర్లు రాసిపెట్టుకోండి. హైదరాబాదులోని ఫతుల్లాగూడలో 2022లో పెంపుడు జంతువుల దహనవాటిక ప్రారంభమైంది.

ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే శరీరం బిగుసుకుంటుంది. ఆలోగా కాళ్ళు ముడిచి, అడుగున వార్తాపత్రికలు మందంగా వేసి పడుకోబెట్టాలి. చుట్టూ ఐసు ప్యాకెట్లు పెడితే ఎండాకాలంలో కూడా కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టాలి. పోయేముందు కుక్క స్వభావం మారిందా? దవడ వేలాడి, చొంగ కారి, నీళ్ళు మింగలేకపోయిందా? గొంతులో ఎముక అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేవారిని చూశాను. అది రేబిస్ కావచ్చు. ఒట్టి చేతులతో తాకకండి, పశువుల డాక్టరుకు కబురు చెయ్యండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోవాలి. కుక్క చచ్చిపోయింది కదా అని ఊరుకోరాదు. పార్వో వ్యాధితో కుక్కపిల్ల పోతే మనుషులకు భయం లేదు గాని, ఆ క్రిమి నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. టీకాలు పూర్తికాని పిల్లను తేవద్దు.

ఇక పిల్లలు. "టామీని తాతగారి ఊరు పంపించాం" అని చెబుతారు. సెలవులకు ఆ ఊరు వెళ్ళిన పిల్లవాడు మొట్టమొదట వెతికేది టామీనే. "నిద్రపోయాడు" అంటే ఆ రాత్రి తాను నిద్రపోవడానికి జంకుతాడు. "చచ్చిపోయాడు, ఇక రాడు" అని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. గోతిలో గుప్పెడు మన్ను వేస్తానంటే వెయ్యనివ్వండి.

దసరా వెళ్ళాక హెడ్మాస్టరుగారు మళ్ళీ వచ్చారు. పొమేరియన్ పిల్లను కొనుక్కోమంటారా అని అడిగారు. ఆయనకు 74 ఏళ్ళు. పిల్ల 14 ఏళ్ళు బతుకుతుందని గుర్తుచేశాను. ఆయన కాసేపు ఆలోచించి, నవ్వి వెళ్ళిపోయారు. నెల తిరగకుండా ఆరేళ్ళ ఊరకుక్కనొకదాన్ని వెంటబెట్టుకుని టీకాకు వచ్చారు. దాని కార్డులో యజమాని పేరు కింద తన మనవరాలి పేరు కూడా రాయించారు.